వీపు వెనక పిలుపు

ఆ వేసవిలో మా బట్టల మిల్లు మూడు వారాలు మూసేశారు. పాత మగ్గాలు పీకేసి కొత్తవి బిగిస్తారట. పన్నెండేళ్ల ఉద్యోగంలో నాకు అన్ని రోజులు కలిసి సెలవు దొరకడం అదే మొదలు. పెళ్లికి కూడా నాలుగు రోజులే ఇచ్చారు. సెలవు సంగతి తెలిసిన మర్నాడే మా ఆడపడుచు ఫోన్ చేసి, సముద్రం ఒడ్డున ఇల్లు మాట్లాడేశాను, బట్టలు సర్దుకోండి అంది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది.

ఎందుకు రాదు మరి? రెండు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. పాపకి రెండేళ్లు నిండిన రోజున వదిన మా ఇంటికి వచ్చింది. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఏమ్మాయ్, దీనికి ఇంకా ఒక్క మాటా రాలేదేం?" అంది. చేతులతో నలభై మాటలొచ్చు, నోటితో అవే వస్తాయిలే అన్నాను. "మీరిద్దరూ షిఫ్టులకి పోతే ఇది పక్కింటావిడ దగ్గర పడుంటోంది. నాలుగు నెలలు నా దగ్గర ఉంచరాదూ? ఎవరికైనా చూపిస్తాను కూడా" అంది. వదినకి పిల్లల్లేరు. ఇరవై ఏళ్లుగా స్కూల్ బస్సు నడుపుతోంది, పొద్దునా సాయంత్రం ఊళ్లోవాళ్ల పిల్లలందరినీ మోస్తుంది, రాత్రికి ఖాళీ ఇంటికి వెళ్తుంది. నాకు ఒళ్లు మండి, "కని పెంచినవాళ్లు చెప్తే వింటాను వదినా" అనేశాను. నోరు జారాక నాలుక కరుచుకుని ఏం లాభం? వదిన సంచీ తీసుకుని వెళ్లిపోయింది. అలాంటి మనిషి ఇప్పుడు పిలిచి మరీ సముద్రం చూపిస్తానంటే, ఆ ప్రేమ వెనక ఏదో ఉందనుకోవడం నా తప్పా?

మా చేతుల మాటల గురించి చెప్పాలి. మగ్గాల షెడ్డులో మూడొందల మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని మాకు చేతులే నోళ్లు. దారం తెగింది, సూపర్‌వైజర్ వస్తున్నాడు, టీ తాగుదాం, నీ మొహం అలా ఉందేం, అన్నిటికీ సైగలున్నాయి. సైగ చాలకపోతే పెదాలు చూసి మాట పట్టుకుంటాం. అది మాకు చొక్కాకి బొత్తాం పెట్టుకున్నంత సులువు. నన్ను పెళ్లి చేసుకుంటావా అని మా ఆయన అడిగింది కూడా ఆరు మగ్గాల అవతల నుంచి, చేతులతోనే. షెడ్డంతా చూసింది. నేను తలొంచుకుంటే, సమాధానం అందరికీ కనపడాలి, తలెత్తమని ఫోర్‌మన్ సైగ చేశాడు.

ఇంటికొచ్చినా ఆ అలవాటు పోదు. సగం మాట నోటితో, సగం చేతులతో. గువ్వ అని మేం పిలుచుకునే మా పాప ఏడో నెలలోనే 'పాలు' అని చెయ్యి మూసి తెరిచేది. మా ఇంటి నేల చెక్క పలకలది. కాలితో రెండుసార్లు తడితే చాలు, ఏ మూలనున్నా నా వైపు తిరిగి చూసేది. ఇంత చురుకైన పిల్ల ఎవరింట్లో ఉందో చూపించమని నేను అందరితో అనేదాన్ని.

సముద్రం ఒడ్డున ఆ ఇల్లు కూడా చెక్కదే. ముందు వరండా, వరండాకి నిలువెత్తు అద్దాలు, అద్దాల కింద నుంచి ఒడ్డుకి ముప్పైరెండు మెట్లు. మా ఆయన వాటిని మొదటి రోజే లెక్కపెట్టాడు. ఆయనకి సెలవంటే కూర్చోవడం కాదు. పొద్దున కొండ అంచున నడక, మధ్యాహ్నం పడవ, సాయంత్రం సైకిళ్లు. పాపని వీపున మోసే సంచీ ఒకటి అద్దెకి తెచ్చాడు. అందులో కూర్చుని గువ్వ లోకాన్నంతా మా తలల మీంచి చూసేది. అల వస్తే చేత్తో అల చూపించేది. పీత కనపడితే వేళ్లతో నడిపించేది. రాళ్ల మధ్య నీటి గుంటల దగ్గర గంటలు గంటలు కూర్చుని, ఎర్రటి నత్తల్ని వేలితో ముట్టుకుని నా వైపు తిరిగి కళ్లు పెద్దవి చేసేది. ఆ మొదటి నాలుగు రోజులు ఉన్నంత సంతోషంగా నేనెప్పుడూ లేను. అనుమానం ఒక పక్క ఉండనే ఉంది, అది వేరే సంగతి.

వదిన చెప్పిన వేళకి లేచేది, చెప్పిన చోటికి నడిచేది. నాతో మర్యాదగా మాట్లాడేది. కానీ పాప పక్కన నడిచేది కాదు, వెనక నడిచేది. రెండు బారల దూరంలో, చేతులు వెనక్కి కట్టుకుని. ఒకసారి గువ్వ గుంటలోకి గులకరాళ్లు వేసుకుంటూ ఉంటే, వదిన దాని వెనకగా వచ్చి నిలబడి, సంచీలోంచి బిస్కెట్ పాకెట్టు తీసి గరగరమని చించింది. తీరా గువ్వకి పెట్టిందా అంటే లేదు. కాసేపు దాని తలకాయ వైపు చూసి, పాకెట్టు మడిచి సంచీలో పెట్టేసుకుంది. నేను రాతి మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాను. పిల్లకి పెట్టని బిస్కెట్ పిల్ల వెనక చించడం ఎందుకో నాకు అర్థం కాలేదు. దిష్టి తీస్తోందా అనుకున్నాను ఒక క్షణం.

మర్నాడు తాళాల గుత్తి. ఆ మర్నాడు బస్సులో పిల్లల్ని పిలిచే విజిల్. ఎప్పుడూ వెనకనుంచే. నేను చూస్తున్నానని తెలిస్తే విజిల్ జేబులో వేసుకుని సముద్రం వైపు తిరిగేది.

"మీ అక్క పాపని మాలిమి చేసుకుంటోంది" అన్నాను మా ఆయనతో.

"పాపేమన్నా కుక్కపిల్లా మాలిమి చేసుకోడానికి?"

"ఆ విజిలేంటి మరి? ఆ తాళాలేంటి?"

"బస్సు నడిపే మనిషి, విజిల్ ఊదకపోతే ఏం ఊదుతుంది? నువ్వు ఊరికే గోరంతలు కొండంతలు చెయ్యకు" అన్నాడు. అంటున్నప్పుడు నా కళ్లలోకి చూడలేదు. ఆయన చెప్పులకి అంటిన ఇసుక దులుపుకుంటూ అన్నాడు. చెప్పులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

వదిన తెచ్చిన పెట్టె సంగతి కూడా అప్పుడే బయటపడింది. తువ్వాలు కోసం తెరిస్తే, అడుగున పాప బట్టలు. ఆరు గౌన్లు, అన్నీ ఇప్పటికంటే ఒక సైజు పెద్దవి. వచ్చే ఏటికి సరిపోయేవి. ఎవరింట్లో ఉండి వేసుకోవాలని కొన్నట్టు? పెట్టె మూసేసి, తువ్వాలు లేకుండానే స్నానానికి వెళ్లాను.

ఏడో రోజు మధ్యాహ్నం నేను పాపని తీసుకుని ఒడ్డుకి దిగాను. వాళ్లిద్దరూ పైన వరండాలో ఉన్నారు. నీళ్లలో కాళ్లు పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే అద్దాల్లోంచి వదిన మొహం స్పష్టంగా కనపడింది. మాట్లాడుతోంది. ఎండ ఆవిడ మొహం మీదే పడుతోంది. నేను చదవాలని చదవలేదు, కళ్లున్నాయి కాబట్టి చదివాను.

"నాతో పంపించెయ్ రా. నాలుగు రోజులు చాలు. తనకి చెప్పకు. చెప్తే పంపనివ్వదు."

మా ఆయన ఏదో అన్నాడు. అతని పక్క మొహమే కనపడింది. అంతలో అతను ఒడ్డు వైపు చూశాడు, నన్ను చూశాడు. చూసి, నెమ్మదిగా కుర్చీ జరుపుకుని నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

షెడ్డులో వీపు తిప్పి మాట్లాడేవాడిని మేం దొంగకింద లెక్కేస్తాం. ఎదుటివాళ్లకి తెలియకూడని మాట ఉంటేనే మాలో ఎవరైనా వీపు తిప్పుతారు. పన్నెండేళ్లలో మా ఆయన నాకు వీపు తిప్పి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. కట్టుకున్నవాడే అటు పక్క చేరితే నేనెవరితో చెప్పుకోను? నా పిల్లని నాకు తెలియకుండా పంపేస్తారు, వెళ్లిన రెండు రోజులకి ఫోన్లో, 'ఇక్కడ హాయిగా ఉంది, మాటలు కూడా వస్తున్నాయి, ఇంకో నెల ఉండనీ' అంటారు. తర్వాత ఆరు గౌన్లు. అంతా నాకు రాసి చూపించినట్టు కనపడింది.

ఆ రోజునుంచి పాపని నేను కింద దించలేదు. మెట్లెక్కినా దిగినా సంచీ నా వీపునే. "భుజాలు పడిపోతాయే, కాసేపు నాకివ్వు" అని మా ఆయన అంటే, "నా పిల్ల నాకు బరువు కాదు" అన్నాను. వదిన ఆ మాట విని టీ గ్లాసు వైపు చూసుకుంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకున్నాను.

తొమ్మిదో రోజున మా ఆయనతో చెప్పేశాను. "రేపు పొద్దున్న బస్సుకి నేనూ పాపా వెళ్లిపోతున్నాం. మీ అక్కాతమ్ముళ్లు ఉండి సముద్రం చూసుకోండి."

"ఒక్క మాట విను..."

"మీ అక్క విజిల్ వినలేకే చస్తున్నాను. ఇంక మీ మాట కూడానా?"

చెప్పాలనుకుని చెప్పలేకపోయిన మొహం అతనిది. ఆ రోజు నేను దాన్ని తప్పు చేసినవాడి మొహం అనుకున్నాను.

మర్నాడు బస్సు పదకొండింటికి. టిక్కెట్లు తెస్తానని అతను సైకిల్ మీద వెళ్లాడు. అప్పటిదాకా వదిన ఎదురుగా కూర్చోవడం ఇష్టం లేక, పాపని వీపున వేసుకుని కొండ అంచు బాట పట్టాను. గువ్వ రోజూ వేలితో చూపించే దీపస్తంభం ఆ బాట చివర ఉంది. వెళ్లేలోపు ఒకసారి చూపిద్దామనుకున్నాను. బాటకి కుడి పక్క గడ్డీ, పొదలూ. ఎడమ పక్క అంచు. అంచు కింద చాలా లోతున సముద్రం. కొంత దూరం పోయాక తిరిగి చూస్తే వదిన వస్తోంది. చేతులు వెనక్కి కట్టుకుని, అదే దూరంలో.

దీపస్తంభం ఇంకా కొంచెం దూరం ఉందనగా సంచీ పట్టీ ఒకటి వదులైంది. పాపని దించి నా ముందు నిలబెట్టి, వంగి పట్టీ బిగించడం మొదలుపెట్టాను. బకిల్ మొరాయించింది. తలెత్తేసరికి ఎదురుగా ఏమీ లేదు. సముద్రం మీదనుంచి పొగమంచు ఎప్పుడు లేచిందో, బాటని, పొదల్ని, దీపస్తంభాన్ని అన్నిటినీ మింగేసింది. చెయ్యి చాస్తే నా వేళ్లు నాకే కనపడలేదు. పాప లేదు.

"గువ్వా!" అన్నాను. కాలితో నేల తట్టాను. మెత్తటి గడ్డి నేల, చప్పుడే రాలేదు. "గువ్వా! అమ్మా! ఎక్కడున్నావే?" మళ్లీ తట్టాను, మళ్లీ అరిచాను. నా చేతుల్లో ఉన్న మాటలన్నీ ఆ మంచులో ఎవరికి చూపించను? గొంతు ఒక్కటే మిగిలింది. ఆ గొంతు చించుకుని అరిచాను.

"కదలకు!" వదిన గొంతు వెనకనుంచి వచ్చింది. అరుపు కాదు, బస్సులో పిల్లలు లేచి నిలబడితే అనే గొంతు. "కూర్చో. నేల మీద కూర్చో. అంచు నీకు ఏ పక్కుంది?"

"ఎడమ పక్క."

"అయితే నువ్వు కుడి పక్క చూడు. చేతులతో తడుముకుంటూ వెళ్లు, లేవకు. ఎడమ పక్క నేను చూస్తాను."

ఆ మాటకి అర్థం నాకు ఆ క్షణాన తట్టలేదు. గడ్డి మీద పాకుతూ, చేతులు చాచి తడుముతూ, దాన్ని పిలుస్తూనే ఉన్నాను. ఎడమ పక్కనుంచి రాళ్లు దొర్లిన చప్పుడు, తర్వాత వదిన ఊపిరి, మళ్లీ రాళ్లు. ఎంతసేపో తెలియదు. నా చేతికి తడి గుడ్డ తగిలింది. గౌను అంచు.

గువ్వ ఒక రాయి ముందు గొంతుక్కూర్చుని ఉంది. రాతి మీద నత్త పాకుతోంది. దాన్నే చూస్తోంది. నేను పట్టీ బిగించిన చోటునుంచి నాలుగడుగులు కూడా లేదు ఆ రాయి. నేను అరిచినంతసేపూ అది నాకు వీపు పెట్టి, నా గొంతుకి అందేంత దగ్గరలో, హాయిగా కూర్చునుంది.

గౌను అంచు గట్టిగా పట్టుకున్నాను. పాపని ముట్టుకోలేదు. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను. "గువ్వా" అన్నాను, ఇంట్లో పిలిచినట్టు. తర్వాత గట్టిగా అన్నాను. తర్వాత దాని తల వెనక చప్పట్లు కొట్టాను. నత్త కొమ్ములు ముడుచుకుంటే గువ్వ భుజాలు కదిలేలా నవ్వింది. తిరగలేదు.

వదిన మోకాళ్ల మీద పాకుతూ వచ్చింది. మోచేతులు గీరుకుపోయి రక్తం. "దొరికిందా?" అంది.

"దొరికింది."

పక్కన కూలబడింది. మంచులో పాప తల వెనక భాగం, తడిసిన జుట్టు, అవే కనపడుతున్నాయి.

"వదినా, ఆ బిస్కెట్ పాకెట్టు..."

"ఊఁ."

"తిరగలేదు కదూ?"

"తిరగలేదు."

"విజిల్‌కి?"

"దేనికీ తిరగలేదు. పదకొండుసార్లు చూశాను అమ్మాయ్. పన్నెండోసారి తిరిగిందంటే నేనే పిచ్చిదాన్నని నోరు మూసుకుని పోదామనుకున్నాను. బస్సులో అలాంటి పిల్లాడొకడు ఎక్కేవాడు. అద్దంలో చూస్తూ పిలిస్తే మిగతా పిల్లలందరూ తలెత్తేవాళ్లు, వాడు తప్ప. మీ ఇంటికొచ్చిన రోజే నాకు అనుమానం. మా ఊళ్లో చెవుల డాక్టర్ ఉంది, నాలుగు రోజులు పంపితే చూపిద్దామన్నాను. కాదని తేలితే నీ దాకా రానివ్వకుండా అక్కడితో వదిలేద్దామని. నీకు చెప్పే ధైర్యం వాడికీ లేకపోయింది, నాకూ లేకపోయింది."

నాకు ఏడుపు రాలేదు, సిగ్గొచ్చింది. కని పెంచాను కదా, నాకు తెలియలేదా? తెలుసు. చలికాలంలో ఒకరోజు వంటగట్టు మీదనుంచి ఇత్తడి గంగాళం పడితే వీధిలోవాళ్లు పరిగెత్తుకొచ్చారు. పక్కనే నిద్రపోతున్న పాప కదల్లేదు. 'మా గువ్వది రాయిలాంటి నిద్ర' అని అందరికీ గొప్పగా చెప్పాను. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, మర్నాటికి నాకు నేనే చెప్పుకోవడం మానేశాను. ఊళ్లోవాళ్లందరినీ అనుమానించాను గానీ, అనుమానించాల్సిన ఆ ఒక్కదాని జోలికి పోలేదు.

"ఎడమ పక్క నువ్వెందుకు వెళ్లావు వదినా?" అన్నాను.

"దానికి తల్లి కావాలి కదే" అంది, మోచేతికి అంటిన మట్టి తుడుచుకుంటూ.

పదకొండింటి బస్సు ఎక్కాం. నలుగురం, వదిన వాళ్ల ఊరికి. మర్నాడు డాక్టర్ దగ్గర పరీక్ష గది చిన్నది, గోడలకి మెత్తటి దిండ్లు కుట్టినట్టున్నాయి. పరీక్ష చేసే అమ్మాయి పాపని ఒళ్లో కూర్చోబెట్టుకోమంటూ నన్ను చూసి, నేను పాపతో రెండు సైగలు చేసేసరికి ఆగిపోయింది. "మీరు కాదండీ. మీ మొహం చూసి ఇది అన్నీ చెప్పేస్తుంది. ఇంకెవరైనా ఉన్నారా?"

నేను గువ్వని ఎత్తి వదిన ఒళ్లో కూర్చోబెట్టాను. నా చేతులతో నేనే. వదిన దాన్ని రెండు చేతులతో పట్టుకుంటూ నా వైపు చూసింది. తలుపు మూశారు.

నలభై నిమిషాలు పట్టింది. తర్వాత డాక్టర్ నన్ను లోపలికి పిలిచి, బొమ్మ గీసి అన్నీ వివరంగా చెప్పింది. రెండు చెవులూ. పుట్టుకనుంచే అయి ఉంటుంది. యంత్రాలున్నాయి, ఆపరేషన్ కూడా ఉంది, ఎంతవరకు పనిచేస్తాయో చూడాలి. చేతుల మాటలు మాత్రం ఆపొద్దు, వాటివల్లే పిల్ల బుర్ర ఇంత చురుగ్గా ఉంది అంది. నేను అన్నిటికీ తలూపాను.

బయటికొచ్చేసరికి నడవా అవతలి చివర, గాజు తలుపు వెనక మా ఆయన నిలబడి ఉన్నాడు. లోపలికి ఇద్దరికన్నా ఎక్కువమందిని రానివ్వరు. నన్ను చూడగానే చేత్తో అడిగాడు, 'ఏమంది?' అని.

నేను చేతులెత్తాను. ఎత్తాక తెలిసింది, మా షెడ్డు మాటల్లో 'వినపడదు' అన్న సైగే లేదు. ఎవరికీ ఏమీ వినపడని చోట ఆ మాట ఎవరికి కావాలి? దారం తెగడానికి ఉంది, మగ్గం ఆగడానికి ఉంది, కడుపుతో ఉన్నానని చెప్పడానికి ఉంది. దీనికి లేదు. నా చేతులు గాలిలో అలాగే ఉండిపోయాయి. వదిన చంకలో ఉన్న గువ్వ, నేనేం చెప్తానా అని ఆ చేతుల వైపే చూస్తోంది.

అతను ఆగలేక తలుపు తోసుకుని వచ్చేశాడు. నేను చేతులు దించి నోటితో చెప్పాను. "పాపకి వినపడదండీ. రెండు చెవులూ." అతను గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

గువ్వ వదిన చంకలోంచి ముందుకి వంగి నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. నాన్నకి ఏదో చెప్పాను, తనకి చెప్పలేదు. రెండు కనుబొమలూ ఎత్తి, అరచేత్తో తన గుండె మీద తట్టుకుని అడిగింది, 'నాకు?' అని.